క్యాన్సర్ చికిత్స ముగిశాక ఇంట్లోనూ పనిలోనూ మళ్ళీ సంతోషం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో క్యాన్సర్ చికిత్స పూర్తి చేసుకుని ఇంటికి చేరినవారూ, వారి కుటుంబ సభ్యులూ తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. మందుల సంగతి చెప్పవలసింది మీ వైద్యులే. రిపోర్టులు బాగున్నాయని వారు చెప్పి పంపిన తర్వాత ఇంట్లో, పొలంలో, ఆఫీసులో గడిచే రోజుల గురించే ఈ జవాబులు.

రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. అయినా నాకు సంతోషంగా లేదు. ఇది కృతఘ్నత కాదా?

కాదు. చికిత్స నడిచినంత కాలం ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో, ఏ మందు ఎక్కించుకోవాలో ఆసుపత్రి వారే చెబుతారు. ఇంటిల్లిపాదీ ఆ తేదీల చుట్టూనే తిరుగుతారు. ఆఖరి రేడియేషన్ అయిన మరునాటి నుంచి ఆ తేదీలు ఉండవు కానీ నీరసం ఉంటుంది, జుట్టు పూర్తిగా రాదు, అప్పు తీరదు, భయం పోదు. చుట్టుపక్కలవారు మాత్రం గండం గడిచిందనుకుని ఎవరి పనుల్లో వారు పడిపోతారు. తానే క్యాన్సర్ నుంచి బయటపడిన ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికా వైద్యుడు 1985లో రాసిన వ్యాసంలో ఈ ప్రయాణాన్ని మూడు కాలాలుగా విడదీశారు. రోగం బయటపడి చికిత్స జరిగేది మొదటి కాలం. చికిత్స ముగిసి, మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో గడిచేది రెండవది. ఆ భయం వెనక్కి తగ్గి జీవితం కుదుటపడేది మూడవది. మీరిప్పుడు రెండవ కాలంలో ఉన్నారు, అక్కడ దిగులు కలగడం సహజమే.

ఇక సంతోషం గురించి మా అభిప్రాయం ఒకటి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే కింది జవాబులు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. సంతోషంగా ఉండాలని గట్టిగా అనుకున్నంత మాత్రాన అది రాదు. ఇంట్లో తన వంతు పని, తన మాటకు విలువ తిరిగి దక్కినప్పుడు అది దానంతట అదే రావడం మొదలవుతుంది.

ఇంట్లో నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వడం లేదు. ప్రేమతోనే అంటున్నారని తెలుసు. కానీ ఊపిరాడటం లేదు. ఏం చేయాలి?

ఇది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న, ముఖ్యంగా ఆడవారి నుంచి. కోడలు గరిటె పట్టుకోనివ్వదు, కొడుకు సంచి మోయనివ్వడు, కువైట్‌లో పనిచేసే కూతురు వీడియో కాల్‌లో కనిపించిన ప్రతిసారీ "అమ్మా, నువ్వు మంచం దిగకు" అంటుంది. వీరిలో ఎవరినీ తప్పుపట్టలేము. ఆసుపత్రి వరండాలో వారు పడిన భయం అలాంటిది. అయితే ముప్ఫై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషిని మంచానికి పరిమితం చేస్తే, రోగం పోయినా రోగి అన్న పేరు మాత్రం ఆమెకు మిగిలిపోతుంది.

సంక్రాంతిని ఉదాహరణగా తీసుకుందాం. మన వైపు పండుగంటే కొత్త అల్లుడి మర్యాదలు, రోజుల తరబడి పిండివంటలు. సాధారణంగా రెండు పొరపాట్లలో ఏదో ఒకటి జరుగుతుంది. అన్నీ బయట కొని తెచ్చి ఆమెను గదిలో కూర్చోబెట్టడం ఒకటి, ఎలాగూ తగ్గిపోయింది కదా అని మునుపటిలాగే మొత్తం బరువు ఆమె మీద వేయడం రెండవది. మధ్యేమార్గం ఉంది. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించండి. బియ్యం నానబోసి పిండి ఆడించడం, నూనె మూకుడు దగ్గర నిలబడటం, అరిసెలు నొక్కడం పిల్లలు చూసుకుంటారు. పాకం మాత్రం ఆమె చూడాలి. పొయ్యి పక్కన ఎత్తుపీట వేసి కూర్చోబెట్టండి. చిన్న గిన్నెలో నీళ్ళు పోసుకుని, గరిటెతో ఒక చుక్క పాకం అందులో వేసి, వేళ్ళతో దగ్గరికి తీసి చూసి, "ఇంకా జారిపోతోంది, ఆగండి" అనో, "ఉండ కట్టింది, పిండి పోసేయండి" అనో చెప్పవలసింది ఆమె. ఒక్క నిమిషం తేడాలో అరిసె విరిగిపోతుంది లేదా గట్టిపడుతుంది కనుక ఇది మొక్కుబడి పని కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అలసట లేని పని, ఆమె లేనిదే జరగని పని ఒకటి దొరికితే చాలు. దాని తర్వాత రెండవది ఆమే అడిగి తీసుకుంటుంది.

మీరే ఆ స్థానంలో ఉంటే, "నన్ను పని చేయనివ్వండి" అని మొత్తంగా అడగకండి. ఆ మాటకు ఎవరూ ఒప్పుకోరు. "పొద్దుటి కాఫీ నేనే పెడతాను", "పాల లెక్క నేనే రాస్తాను" అని ఒక్క పని పేరు చెప్పి అడగండి.

ఈ నీరసం ఎంతకాలం ఉంటుంది? విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుందా?

క్యాన్సర్ చికిత్స తర్వాతి నీరసం రాత్రి బాగా నిద్రపోయినంత మాత్రాన తీరేది కాదు. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, దిగులు వంటి కారణాలు ఉన్నాయేమో ముందుగా వైద్యులతో పరీక్ష చేయించుకోవాలి. అవి లేవని తేలితే, ఆశ్చర్యంగా అనిపించినా, ఎక్కువ మేలు చేసేది నడకే. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామాన్ని లక్ష్యంగా పెట్టుకోమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి వారమే అంత చేయనక్కర లేదు. తెల్లవారుజామున కాలువ గట్టు మీద పది నిమిషాలు నడిచి, వారం వారం కొద్దిగా పెంచుకుంటే సరిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం ఇంటి వసారాలోనే నడవండి.

నేను రైతును, రొయ్యల చెరువు కూడా ఉంది. మళ్ళీ పొలానికి ఎప్పుడు వెళ్ళవచ్చు?

వెళ్ళడం ఎప్పుడన్నది కాదు, ఏ పనికి వెళ్తున్నారన్నది ముఖ్యం. పొట్ట ఆపరేషన్ అయినవారు బస్తాలు ఎప్పటి నుంచి ఎత్తవచ్చో సర్జన్‌ను అడిగి తెలుసుకోవాలి. కీమో వల్ల పాదాలు తిమ్మిరి ఎక్కినవారు కొబ్బరి చెట్టెక్కడం మానుకుని, దింపు దగ్గర నిలబడి కాయ లెక్క చూసుకోవడం మంచిది. అలాంటి పాదాలకు ముల్లు గుచ్చుకున్నా, గాజుపెంకు తెగినా తెలియదు కనుక చేలో దిగిన రోజు సాయంత్రం కాళ్ళు కడుక్కుని, అరికాళ్ళు వెలుతురులో తిప్పి చూసుకోవాలి. మధుమేహం కూడా ఉంటే ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. పురుగుమందు కొట్టే పని ఇంకొకరికి అప్పగించండి.

చెరువు సంగతి వేరు. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందు వేళ కనుక రాత్రి కాపలా తప్పదు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిందంటే పరుగెత్తాలి. నిద్ర చెడగొట్టే ఆ పనిని తమ్ముడికో, జీతగాడికో వదిలేసి, పగటి పనిని మీ చేతిలోకి తీసుకోండి. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం (చెక్ ట్రే)లో మిగిలిన మేత చూసి తరువాతి పూట మేత నిర్ణయించడం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో) చూడటం, కొనేవారితో ధర మాట్లాడటం అనుభవం ఉన్నవారే చేయగలిగిన పనులు. భీమవరం చుట్టుపక్కల చెరువు మీద డబ్బు పోవడమైనా, మిగలడమైనా చాలాసార్లు ఈ నిర్ణయాల దగ్గరే తేలుతుంది. రాత్రి కాపలా వదులుకున్నంత మాత్రాన చెరువు మీది కాకుండా పోదు.

నేను లేసు అల్లేదాన్ని. వేళ్ళు తిమ్మిరిగా ఉండి దారం తెలియడం లేదు. మళ్ళీ అల్లగలనా?

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ వంటి కొన్ని కీమో మందుల వల్ల వేళ్ళ చివరి నరాలు దెబ్బతింటాయి. చాలామందిలో ఇది నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్ళ అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవారికి ఇది జీవనోపాధి ప్రశ్న మాత్రమే కాదు. నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటూ అల్లుకునే ఆ మధ్యాహ్నాలే వారికి దొరికే కాలక్షేపం కూడా.

సన్న దారంతో, చిన్న సూదితో మొదలుపెట్టకండి. లావు దారం, పెద్ద సూది తీసుకుని, వేళ్ళకు తెలియని దాన్ని కంటితో చూసుకుంటూ అల్లండి. మొదట కూలికి ఒప్పుకోకుండా ఇంటి కోసం ఒక తలుపు తెరో, మనవరాలి గౌను అంచో అల్లితే, లెక్క తప్పినా విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. పొయ్యి మీద గిన్నె దించేటప్పుడు గుడ్డ మరిచిపోకండి, వేడి కూడా ఆ వేళ్ళకు ఆలస్యంగానే తెలుస్తుంది. నొప్పి, మంట ఎక్కువగా ఉంటే వైద్యులకు చెప్పండి, దానికి మందులు ఉన్నాయి.

రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచింది. ఊళ్ళో ఫైలేరియా అంటున్నారు. నిజమేనా?

మన జిల్లాల్లో బోదకాలు తరతరాలుగా ఉన్నందున వాపు కనిపిస్తే ఆ మాటే ముందు వస్తుంది. కానీ చంకలోని లింఫ్ గ్రంథులను తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా, ఆ చేతిలోని లింఫ్ ద్రవం సరిగ్గా పారక వాపు రావచ్చు. ఇది దోమకాటుతో వచ్చేది కాదు. ఫైలేరియా మాత్రలు సొంతంగా మింగకుండా, వాపు చిన్నగా ఉన్నప్పుడే సర్జన్‌కు, ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. ప్రత్యేకమైన బిగుతు తొడుగు, చేతి వ్యాయామాలు, మర్దనా పద్ధతి వారే నేర్పుతారు. ఆ చేతికి గాయాలు కాకుండా చూసుకోవాలి. చేపలు శుభ్రం చేసేటప్పుడు చేతి తొడుగు వేసుకోండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. చెయ్యిని అసలు కదపకుండా ఉంచడం మాత్రం మందు కాదు.

ఉద్యోగంలో తిరిగి చేరుతున్నాను. తోటివారికి ఎంతవరకు చెప్పాలి?

పై అధికారికి పని విషయంలో అవసరమైనంత చెప్పాలి. ఏ రోజుల్లో చెకప్‌కు వెళ్ళాలో, మొదటి నెలల్లో ఏ పని తగ్గించమంటున్నారో వైద్యుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో పాటు రాసి ఇవ్వండి. మిగిలినవారికి చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా మీ ఇష్టం. జాలిగా తల నిమిరేవారికి ఒక మాట సిద్ధం చేసుకోండి: "బాగానే ఉన్నానండి, ఇంతకీ ఆ ఫైలు ఎక్కడిదాకా వచ్చింది?" అంటే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే ఏం మాట్లాడాలో వారికీ తెలియదు. కీమో తర్వాత కొంతకాలం పేర్లు, అంకెలు తట్టకపోవడం మామూలే. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, ఒకసారి ఒక పనే పట్టుకోండి.

మొదటి రోజు అనుకున్నట్టు జరగకపోతే దిగులు పడకండి. క్రికెటర్ యువరాజ్ సింగ్ క్యాన్సర్ చికిత్స తర్వాత 2012 సెప్టెంబరులో విశాఖపట్నంలో న్యూజిలాండ్‌పై మళ్ళీ బరిలోకి దిగవలసి ఉండగా, ఆ మ్యాచ్ వాన వల్ల రద్దయింది. ఆయన కొద్ది రోజుల తర్వాత చెన్నైలో ఆడారు.

అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నాకు క్యాన్సర్ వచ్చిందని చెప్పవద్దని బంధువులు అంటున్నారు.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం వల్ల కలిగేవి మొత్తం క్యాన్సర్లలో సుమారు 5 నుంచి 10 శాతమే. కుటుంబంలో చిన్న వయసులోనే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు పలువురికి వచ్చి ఉంటే జన్యు పరీక్ష అవసరమా అని వైద్యులను అడగవచ్చు. ఇక చెప్పడం విషయానికి వస్తే, దాచడం వల్ల వచ్చే చిక్కు పెళ్ళికి ముందు కంటే పెళ్ళయ్యాకే ఎక్కువగా ఉంటుంది. పైగా మీ జబ్బును ఇంటి రహస్యంగా మారిస్తే, అమ్మాయి పెళ్ళి పందిట్లో మీరే దాక్కుని తిరగవలసి వస్తుంది. మధ్యవర్తి ద్వారా ముందే, ఒక్క వాక్యంలో చెప్పించండి.

మా నాన్నగారికి నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయింది. నలుగురిలోకి రావడం మానేశారు.

చుట్ట, ఖైనీ, గుట్కా వల్ల వచ్చే నోటి క్యాన్సర్ మన ప్రాంతంలో మగవారిని ఎక్కువగా బాధిస్తుంది. దవడ ఆపరేషన్ తర్వాత మాట ముద్దగా వస్తుంది, నోరు పూర్తిగా తెరుచుకోదు, తినేటప్పుడు ఒక పక్క నుంచి కారుతుంది. అందుకే పెళ్ళి భోజనాల బంతిలో కూర్చోవడానికి మొహమాటపడతారు, తర్వాత పెళ్ళిళ్ళకే వెళ్ళడం మానేస్తారు. ఇంట్లో ముందుగా తినిపించి, పెళ్ళికి మాత్రం తీసుకువెళ్ళండి. భోజనాల వేళ ఆయన చేతికి చదివింపుల పుస్తకం ఇచ్చి రాయమనండి. ఫోనులో ఆయన మాట అర్థం కాకపోతే ఫోను లాక్కుని మీరు మాట్లాడకండి, ఆయన రెండవసారి చెప్పేదాకా ఆగండి. నోరు తెరుచుకునే వ్యాయామాలు, మాట శిక్షణ ఆలస్యంగా మొదలుపెట్టినా ఉపయోగపడతాయి. పొగాకు మాత్రం ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

భార్యాభర్తల మధ్య దూరం పెరిగింది. ఇది ఎవరిని అడగాలి?

మీ క్యాన్సర్ వైద్యులనే అడగండి. హార్మోన్ మాత్రలు, అండాశయాల తొలగింపు, కటి భాగానికి రేడియేషన్ వంటి వాటివల్ల కోరిక తగ్గడం, పొడిబారడం, నొప్పి కలుగుతాయి. వీటిలో చాలావాటికి పరిష్కారాలు ఉన్నాయి. ఆపరేషన్ మచ్చను చూపించడానికి భార్య సంకోచిస్తే, ఆమెకు నొప్పి కలుగుతుందేమోనని భర్త దూరంగా పడుకుంటే, ఇద్దరూ అవతలివారికి తామంటే ఇష్టం పోయిందనుకుంటారు. ఒకరు నోరు విప్పవలసిందే. పిల్లలు కావాలనుకునేవారు వైద్యుల అనుమతి వచ్చేదాకా ఆగాలి.

నాకు తగ్గితే తిరుపతిలో తలనీలాలు ఇప్పిస్తానని అత్తగారు మొక్కుకున్నారు. ఇప్పుడిప్పుడే జుట్టు వచ్చింది, మళ్ళీ తీయించుకోవాలని లేదు.

మొక్కులో ఆవిడ ప్రేమ ఉంది, అయిష్టంలో మీ న్యాయం ఉంది. కీమోలో జుట్టు పోయినప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఈసారి మాత్రం అడగాలి. మూడు కత్తెరలు ఇచ్చే ఆచారం ఎటూ ఉంది, దాంతో చాలా ఇళ్ళలో ఈ సమస్య తీరిపోతుంది. మొక్కుకున్న అత్తగారే తలనీలాలు ఇచ్చినా తప్పేమీ లేదు. నడవగలిగితే వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల ప్రదక్షిణలు కూడా ఉన్నాయి, నడక అలవాటుకూ అది పనికివస్తుంది. ఈ మాట భర్త తన తల్లితో చెప్పాలి, కోడలి చేత చెప్పించకూడదు.

చెకప్ దగ్గరపడితే వారం రోజుల ముందు నుంచీ నిద్ర పట్టదు.

చాలామందికి అంతే. చాలా రకాల క్యాన్సర్లలో తొలి రెండు మూడేళ్ళు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత అయిదేళ్ళు నిండేవరకు 6 నుంచి 12 నెలలకోసారి చెకప్ ఉంటుంది కనుక ఈ భయంతో బతకడం నేర్చుకోవలసిందే. అడగవలసిన ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోండి. ప్రయాణం కూడా ముందే ఖాయం చేసుకోండి. చికిత్సకూ చెకప్‌కూ వెళ్ళే క్యాన్సర్ రోగులకు, వెంట వెళ్ళే ఒకరికి రైల్వేలో రాయితీ ఉంది. దానికి ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత సర్టిఫికెట్ కావాలి. కోనసీమ వారిలో చాలామంది రైలు కోసం రాజమహేంద్రవరం దాకా రావలసి ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున కంగారు పడకుండా ముందురోజే అక్కడి బంధువుల ఇంటికి చేరుకోవడం మేలు. కొత్త గడ్డ, తగ్గని నొప్పి, రక్తస్రావం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం తేదీ కోసం ఎదురు చూడకండి.

నా వైద్యానికి అరెకరం అమ్మారు. అది తలుచుకుంటే ముద్ద దిగదు.

ఇంట్లో ఎవరూ ఎత్తని విషయం ఇదే, అందుకే ఇది లోపల పెరుగుతుంది. ఒక సాయంత్రం అందరూ కూర్చుని లెక్క మొత్తం కాగితం మీద పెట్టండి: ఎంత ఖర్చయింది, ఎంత అప్పు మిగిలింది, ఎవరు ఎంత తీరుస్తారు. ఆ కాగితంలో మీ పేరు ఎదుట కూడా ఒక అంకె ఉండాలి, అది నెలకు అయిదు వందలైనా సరే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. ముందు ముందు వచ్చే ఖర్చులకు మీ కార్డు వర్తిస్తుందేమో ఆ పథకం అమలయ్యే (నెట్‌వర్క్) ఆసుపత్రిలో ఉండే పథకం సహాయకులను అడగండి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి క్యాన్సర్ చికిత్స ఖర్చు మీద 40,000 రూపాయల వరకు, 60 ఏళ్ళు నిండినవారి చికిత్సకైతే లక్ష వరకు మినహాయింపు దొరుకుతుంది. కొత్తగా ఆరోగ్య బీమా తీసుకుంటే జబ్బు సంగతి దాచవద్దు. పాత జబ్బులకు బీమా సంస్థలు పెట్టే నిరీక్షణ కాలం మూడేళ్ళకు మించరాదని 2024లో నిబంధన వచ్చింది.

దిగులు ఎప్పుడు వైద్యుల దాకా వెళ్ళవలసినది అవుతుంది?

రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర, ఆకలి చెడిపోయినా, బతికి ఏం లాభమన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తనతో పాటు వార్డులో ఉన్నవారు పోయారని, తానెందుకు మిగిలానని కుమిలిపోయేవారు కూడా ఈ మాట పైకి చెప్పుకోవాలి.

ఊళ్ళో కొత్తగా క్యాన్సర్ తేలినవారు నా దగ్గరికి వస్తున్నారు. మాట్లాడటం మంచిదేనా?

మీకు ఇష్టమైతే చాలా మంచిది. ఇలా ఒకరికి పనికిరావడంలోనే చాలామందికి మొదటిసారి మనసు తేలికపడుతుంది. అయితే మీ మందు వారికి చెప్పకండి, క్యాన్సర్ రకాన్ని బట్టి, దశను బట్టి వైద్యం మారుతుంది. ఆసుపత్రికి ఏయే కాగితాలు తీసుకువెళ్ళాలి, కీమో రోజున ఏం తింటే వాంతి తక్కువైంది, జుట్టు ఊడటం ఎప్పుడు మొదలైంది వంటివి చెప్పండి. రోజూ వచ్చేవారు ఎక్కువైతే వారంలో ఒక పూట కేటాయించి, మిగిలిన రోజుల్లో తలుపు దగ్గర మీ ఇంట్లోవారిని మాట్లాడనివ్వండి. చెకప్‌కు ముందు వారం మాత్రం ఎవరినీ రమ్మనకండి.